నాభిపువ్వుకు ఉంచిన చోటు

మార్కాపురం ఎండకు కాకి నీడ తారురోడ్డుకు అతుక్కుపోతుందనీ, పొద్దు వాలాక కాకి దాన్ని ఒలుచుకుని గూటికి పోతుందనీ నేను చెప్తే మా మనవళ్ళు నవ్వుతారు. బ్రహ్మం గురించి కూడా ఇలాంటివి చాలా ప్రచారం చేశాను. అతను ఒక సోడా కొట్టు గోడ మీద వేసిన చిలుక తెల్లారేసరికి ఎగిరిపోయిందనీ, కొట్టువాడు జామకాయ చూపించి దాన్ని మళ్ళీ గోడలోకి దింపాడనీ ఒకప్పుడు సంతంతా చెప్పుకున్నారు. అది నా సొంత తయారీ. ఈ సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అలవాటు కొద్దీ ఎక్కడైనా జారితే, జారానని అక్కడే చెప్పేస్తాను.

బ్రహ్మం ఇల్లు మా వీధి చివర. వాళ్ళ తాత ఊరూరా తిరిగి గుళ్ళలో గరుడ వాహనాలకూ హనుమంత వాహనాలకూ రంగులు వేసినవాడు. నాయన సగం దేవుళ్ళకు వేశాడు, సగం సినిమా హాళ్ళకు వేశాడు. బ్రహ్మం వంతు వచ్చేసరికి దుకాణాల బోర్డులు, పార్టీల గోడలు, ట్రాక్టర్ల వెనక పిల్లల పేర్లు మిగిలాయి. ఫ్లెక్సీలు వచ్చాక అవీ పోయాయి. తిరునాళ్ళ ముందు వాహనాలకు పూత, పెళ్ళిళ్ళ రోజుల్లో గోడల మీద పేర్లు, అంతే పని. భార్య పోయిన మనిషి. మిగతా రోజులంతా వసారాలో కూర్చుని డబ్బాల అడుగున ఎండిన రంగు గీకుతూ ఉండేవాడు.

ఆ గీకుడు శబ్దం భరించలేక ఒకరోజు నా పెట్టెలోంచి పాత క్యాలెండరు కాగితం ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. నేను చిన్నప్పుడు కాన్వెంటులో చదివినప్పుడు మా క్లాసు గోడకు ఉండేది. గాజు కూజాలో ఏదో పరాయి దేశపు గడ్డిపూలు. వెనకంతా చీకటి. ఆ చీకట్లోంచి పూలు తల బయటపెట్టి మనల్ని చూస్తున్నట్టుంటాయి.

"ఈ బొమ్మ కోసం తేనెటీగలు క్లాసులోకి వచ్చేవి అల్లుడా. సిస్టరు రూళ్ళకర్రతో తోలేది" అన్నాను. ఇది అబద్ధం. ఒక ఈగ వచ్చేది, అంతే.

బ్రహ్మం కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "దేవుడు లేడే మామా ఇందులో. మనిషి కూడా లేడు."

"ఉత్త పూలే."

"అవీ గడ్డిపూలు."

"అయితే ఏంది?"

చాలాసేపు చూశాడు. "వాళ్ళ గడ్డికే ఇంత వైభోగమైతే, మన తంగేడు ఏం పాపం చేసిందంట?" అన్నాడు.

ఆ వారంలోనే మూతపడిన పలకల ఫ్యాక్టరీ నుంచి నల్లటి రాతిపలక ఒకటి ఎడ్లబండిలో తెప్పించాడు. నిలబెడితే మనిషి నడుము దాకా వచ్చేది. ఇద్దరు పట్టినా కదలడం కష్టం. దాన్ని వసారా గోడకు ఆనించి, ఇంక చీకటి కోసం నల్లరంగు ఖర్చు లేదని సంబరపడ్డాడు. రాతి నలుపును అలాగే వదిలేసి ముందు కూజా వేశాడు. వాళ్ళ తాత రంగులు కలుపుకున్న మట్టి కూజానే, మూతి దగ్గర పెచ్చు ఊడిన చోటుతో సహా.

పూలు తెచ్చే బాధ్యత ఎలీషబాది.

ఎలీషబాది పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న పల్లె. కూలి దొరికినప్పుడు కూలికి పోయేది. దొరకనప్పుడు ఈత చీపుర్లు కట్టుకుని సంతనాటికి మార్కాపురం బస్సెక్కేది. బ్రహ్మం సున్నపు కుంచెల కోసం ఆమె దగ్గర ఈత పీచు తీసుకునేవాడు. ఆమె చీపురు కట్టల మీద ఎప్పుడూ ఏదో ఒక అడవిపువ్వు దోపి ఉండేది. ఎందుకమ్మా అంటే, "చీపురు కొనేవాళ్ళు మొహం మాడ్చుకోని కొంటారు పెద్దనాయనా, పువ్వు చూస్తే కాస్త విప్పుతారు" అనేది. నన్ను పెద్దనాయనా అనీ, బ్రహ్మాన్ని అన్నా అనీ పిలిచేది. యాభై దాటిన మనిషి. నవ్వితే పై పళ్ళలో ఒకటి లేదని తెలిసేది, అయినా నవ్వు దాచుకునేది కాదు.

"నీ కట్ట మీది పువ్వు నాకిస్తావా? బొమ్మ వేసుకుంటా" అని బ్రహ్మం అడిగిన రోజు ఆమె నమ్మలేదు.

"తంగేడు పువ్వునా? మేక కూడా మూతి పెట్టదు దాన్ని."

"మేకకు బొమ్మ వేయడం రాదుగా."

"సరే, వేస్తే నాకు చూపియ్యాల."

"చూపిస్తా. నీకే ముందు చూపిస్తా."

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. అంతా ఈ మాట మీదే నడిచింది.

తంగేడుతో మొదలై, తర్వాత తెల్లటి గునుగు వచ్చింది, ఊదారంగు వెంపలి వచ్చింది, చలి పోయాక మోదుగ వచ్చింది, ఎండల్లో రేలపూల గుత్తి వచ్చింది. ఒక కాలంలో పూసేది ఇంకో కాలంలో పూయదు. అన్నీ ఒకే కూజాలో కలిసి ఉండడం ఆ పలక మీద తప్ప ఎక్కడా జరగదు. బ్రహ్మం ఏ పువ్వునూ తలుచుకుని వేసేవాడు కాదు. ఎదురుగా పెట్టుకుని, వాడిపోయే లోపల వేసేవాడు. ఒకసారి మోదుగ కొమ్మను వసారాలో పెట్టి టీకి పోతే పక్కింటి మేక వచ్చి వేయాల్సిన బొమ్మలో సగాన్ని తినేసింది. మళ్ళీ సంత దాకా ఆగాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా తెర దగ్గర వచ్చింది.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. దేవుడి బొమ్మ వేసేటప్పుడు కండ్లు చిట్టచివర వేస్తారు. కండ్లు తెరిచేదాకా బొమ్మకు తెర కట్టే ఉంచుతారు. వేసేవాడు తప్ప ఇంకెవరూ చూడకూడదు, చూస్తే బొమ్మకు ప్రాణం రాదంటారు. తాత పాటించాడు, నాయన పాటించాడు. బ్రహ్మం కూడా ఆ పలకకు పైన రెండు మేకులు కొట్టి, వాళ్ళ నాయన పాత నేతపంచె తెరగా కట్టేశాడు.

"పువ్వులకు కండ్లెక్కడున్నాయిరా, తెరవడానికి?" అని అడిగాను.

"ఉన్నా లేకపోయినా, అయిపోయిందాకా తెర తీయను మామా. సగం బొమ్మను చూపించే ఇల్లు కాదు మాది."

"ఫోనులో ఒక ఫోటో అన్నా తీసి ఆ అమ్మికి చూపించు."

"ఫోనుకు కన్నుండదా?"

ఎలీషబా మొదట్లో దీన్ని ఆటగానే తీసుకుంది. పూలు ఇచ్చి, చీపురు కట్టలు కిందపెట్టి, టీ తాగుతూ తెర వైపు చూస్తూ కూర్చునేది. బ్రహ్మం కుంచెలు తుడుచుకునేది ఆ పంచె కొంగుకే. అందుకని వారం వారం దాని మీద కొత్త మరకలు కనిపించేవి. ఆమె వాటిని పట్టుకుని లెక్క కట్టేది.

"ఈసారి మోదుగ అయినట్టుందే. కొంగున ఎర్రగా ఉంది."

"నీకెట్ల తెలుసు అది మోదుగని?"

"నేను తెచ్చిన పువ్వు రంగు నాకు తెలీదా? ఇదిగో ఇది వెంపలి. ఈ పచ్చది తంగేడు. ఈ పక్కన లేత గులాబి, అది గునుగు కొస."

ఒకరోజు తెర వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ, "మా ప్రభువు ప్రాణం విడిచిననాడు గుడి తెర పైనుంచి కిందిదాకా చినిగిందంట అన్నా. నీ తెరకు ఆ రోజు ఎప్పుడొస్తాదో" అంది.

"పూలన్నీ వస్తే అదే పోతాది చెల్లెమ్మా."

తెర వెనక ఏముందో ఆమెకు చెప్పే పని నేను పెట్టుకున్నాను. నేను మాత్రం చూశానా? అయినా ప్రతి సంతకూ ఒకటి చెప్పేవాణ్ణి. రేలపూలు గాలికి ఊగి రాత్రి తెరను కదిలిస్తున్నాయన్నాను. కూజాలో నీళ్ళు తగ్గితే బ్రహ్మం కుంచెతో పోస్తున్నాడన్నాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. "పెద్దనాయన నోట్లో నిజం పడితే పళ్ళు ఊడిపోతాయేమో" అనేది.

చివరికి ఒక్క పువ్వు మిగిలింది. అడవినాభి. నల్లమల అంచున వానల్లో తీగలా పాకి పూస్తుంది. రేకులన్నీ వెనక్కి విరిగి పైకి లేస్తాయి, మొదట పచ్చగా ఉండి రోజురోజుకూ ఎర్రబడుతుంది, పొయ్యిలో మంట లేచినట్టే ఉంటుంది. కూజా మధ్యలో, అన్నిటికంటే పైన, దానికి చోటు వదిలి పెట్టుకున్నాడు బ్రహ్మం.

ఆ ఏడు వాన రాలేదు. మరుసటి ఏడూ సరిగా రాలేదు. వాళ్ళ పల్లెలో తాగే నీళ్ళకే ట్యాంకరు వచ్చే కాలంలో నాభి ఎక్కడ పూస్తుంది?

"గడ్డ భూమిలోనే నిద్రపోతా ఉంటాదన్నా. వాన పడితేనే లేస్తాది. నువ్వు తలుచుకోని వేసెయ్యి. కావాలంటే నేను పక్కన కూచోని చెప్తా. రేకు రేకూ చెప్తా."

"కంటితో చూడకుండా వేయను."

"అట్లయితే ఆ ఒక్కటి లేకుండానే చూపియ్యి."

"ఆ ఒక్కదాని కోసమే గదా ఆగింది."

ఆ రోజు ఆమె నవ్వలేదు. లేచి పోతూ వసారా గుంజకు భుజం కొట్టుకుంది. ఆ గుంజ ఆమెకు కొత్తది కాదు. "కండ్లు బాగలేవన్నా. పక్కలు కనపడ్తాలేవు. గొట్టంలోంచి చూసినట్టుంది" అంది. గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చి, తెర ముందు నిలబడి, "ఈ పూటకు చూపియ్యన్నా. మళ్ళా చూస్తానో లేదో" అంది.

ఆమె ప్రతి వారం ఏదో ఒక వంక చెప్పి అడిగేది. ఒకసారి బస్సు బోల్తా పడితే అంది, ఒకసారి పాము కరిస్తే అంది. ఇది కూడా అలాంటిదే అనుకున్నాడు బ్రహ్మం. "డాక్టరుకు చూపిచ్చుకో చెల్లెమ్మా, అద్దాలు ఇస్తాడు. అద్దాలు పెట్టుకోని వచ్చి ఇంకా బాగా చూద్దువు" అన్నాడు.

ఆమె కాసేపు ఆ మరకల గుడ్డనే చూసింది. దగ్గరగా పోయి, తల అటూ ఇటూ తిప్పుకుంటూ, ముక్క ముక్కగా చూసింది. తర్వాత చీపుర్ల గంప నెత్తికెత్తుకుని బస్టాండుకు పోయింది.

ఆ తర్వాత ఆమె భర్త సామ్యేలు చీపుర్లు తెచ్చేవాడు. మాటలు తక్కువ మనిషి. ఎలీషబా ఏదీ అంటే "ఇంటికాడ ఉంది" అనేవాడు. పూలు లేవు. బ్రహ్మం ఇంకేమీ అడగలేదు. నాభి పూసిందా అని మాత్రం అడిగేవాడు.

మూడో ఏడు వానలు పడ్డాయి. కంభం చెరువుకు నీళ్ళొచ్చాయని జనం బస్సులు కట్టుకుని చూడ్డానికి పోయారు. అలుగు మీద చేపలు ఎగిరి జనం టిఫిన్ క్యారియర్లలో పడ్డాయని నేను చెప్పాను. అబద్ధమే. చెరువుకు నీళ్ళు వచ్చింది మాత్రం నిజం.

ఒక సంతనాడు పొద్దున్నే నేను బ్రహ్మం వసారాలో కూర్చుని ఉన్నాను. వీధి మొదట్లో సామ్యేలు కనిపించాడు. చేతిలో ఒక కర్ర. కర్ర రెండో కొస పట్టుకుని వెనకాలే ఎలీషబా. ఆమె రెండో చేతిలో తడిగుడ్డ చుట్టిన పొట్లం.

బ్రహ్మానికి ముందు పొట్లమే కనిపించింది. గబగబా దిగి అందుకుని విప్పాడు. నాభిపూలు. రెండు పూర్తిగా ఎర్రబడ్డవి, ఒకటి ఇంకా పచ్చ వదలనిది. "వచ్చినాయే. వచ్చినాయి మామా" అంటూ పూలు పైకెత్తి వెలుగులో తిప్పుతున్నాడు.

"కూచో చెల్లెమ్మా" అన్నాడు తల తిప్పకుండానే.

ఆమె చేత్తో గాలిలో వెతుకుతోంది. బల్ల ఆమెకు కుడి పక్కన ఉంది. ఎడమ పక్కన వెతుకుతోంది. నేను లేచి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అప్పుడు చూశాడు బ్రహ్మం. ఆమె మొహం అతని వైపు లేదు, ఉత్త గోడ వైపు ఉంది.

"పూలన్నీ వచ్చినాయి గదన్నా. ఇంక తీయొచ్చు" అంది ఆ గోడతోనే.

బ్రహ్మం సామ్యేలు వైపు చూశాడు. సామ్యేలే చెప్పాడు. "చింతపండు కొట్టే రోజులకే పూర్తిగా పోయింది. కండ్ల శిబిరంలో చూపిచ్చినాం. నీటికాసుల జబ్బంట. ముందొచ్చుంటే ఉన్నదన్నా నిలబెట్టేవాళ్ళమన్నారు. పోయింది తిరిగిరాదంట."

"నాకెందుకు చెప్పలేదు సామ్యేలూ?"

"చెప్తే నువ్వు బాధపడి, బొమ్మ ఆపేస్తావని చెప్పనియ్యలేదు."

బ్రహ్మం పూలు కిందపెట్టి పలక దగ్గరికి పోయాడు. మూడేండ్ల ముడి. రంగు పట్టి బిగుసుకుపోయింది. గోళ్ళతో పీకినా ముడి రావడం లేదు. రెండు చేతులతో పట్టి లాగేశాడు. పాత పంచె, పై అంచు నుంచి జానెడు పొడుగున చిరిగి, కింద పడింది.

"చినిగిందా?" అని అడిగింది ఎలీషబా.

"చినిగింది" అన్నాడు బ్రహ్మం.

నేనూ అప్పుడే మొదటిసారి చూశాను. నా నోట మాట రాలేదు. నా విషయంలో ఇది చెప్పుకోదగ్గ సంగతే.

"పెద్దనాయనా, ఈ ఒక్కసారి అబద్ధం కలపొద్దు. ఎట్లుందో చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. ఎన్ని కథలు అల్లిన నోరు, ఉన్నది చెప్పడానికి తడబడింది. "నల్లగా ఉందమ్మా వెనకంతా, రాయి రంగే. కూజా కింద ఉంది. మూతి దగ్గర పెచ్చు ఊడి ఉంది. ఎడమ పక్క తంగేడు, కొమ్మ కొంచెం వంగింది. దాని కింద గునుగు, తెల్లగా, కొసన లేత గులాబి. మోదుగ నీ చెయ్యంత ఉంది. ఒక ఆకు సగమే ఉంది, మేక కొరికినట్టు."

"ఆ మేకదే."

"వెంపలి వెనక ఉంది, కనీకనపడకుండా. రేల గుత్తి కూజా మీంచి కిందికి జారింది. తంగేడు కొమ్మకు ఒక ఈతాకు ముడి ఉందమ్మా. నువ్వు కట్ట కట్టి తెచ్చినావు చూడు, ఆ ముడి. అది కూడా వేసినాడు."

"ముడి కూడానా" అంది.

తర్వాత లేచింది. బ్రహ్మం ఆమె చెయ్యి పట్టుకుని పలకకు ఆనించాడు. ఎండిన రంగు గట్టుకట్టి ఉంది. ఆమె వేళ్ళు దాని మీద మెల్లగా పోయాయి. మోదుగ దగ్గర ఆగాయి, ఈతాకు ముడి దగ్గర ఆగాయి. పైకి పోయి నడిమధ్యలో ఒకచోట నిలిచిపోయాయి.

"ఇక్కడ నున్నగా ఉందే. చల్లగా ఉంది."

"అది నాభికి ఉంచిన చోటు."

"దీని కోసమేనా" అంది. నిష్ఠూరంగా అనలేదు. ఆ చోటు ఎంత ఉందో అరచేత్తో కొలుచుకుంది. అరచెయ్యి కంటే పెద్దది కాదు.

ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. "రంగు వాసనే వస్తాంది. పూలవాసన పెట్టలేదా అన్నా?"

"అది నాకు రాదు చెల్లెమ్మా."

"పోనీలే. నాభికి వాసనే లేదు. కూచోని వెయ్యి, బస్సుకు ఇంకా టైముంది."

బ్రహ్మం కూర్చున్నాడు. తెర లేకుండా, వీధిలో పోయేవాళ్ళు చూస్తుండగా అతను వేసిన మొదటి పువ్వు అది. ఆమె పక్కనే బల్ల మీద కూర్చుని, "అయిందా?" అని అడుగుతూనే ఉంది. "ఇంకా" అంటూనే ఉన్నాడు అతను. పచ్చ ఎక్కడ ఆగి ఎరుపు ఎక్కడ మొదలవుతుందో ఆమె చెప్తోంది. అతను కంటి ముందు పువ్వును చూసి కాకుండా ఆమె చెప్పింది విని వేశాడు. ఆ మాట రెండేండ్ల కిందటే విని ఉంటే అని అతనికి తట్టి ఉంటుంది. నాకైతే తట్టింది. మధ్యమధ్య మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. ఎండ కూడా బాగానే ఉంది ఆ రోజు.

"అయింది" అన్నాడు చివరికి.

"బాగుందా పెద్దనాయనా?"

"బాగుందమ్మా."

"అంతేనా?"

"అంతే. కలపొద్దన్నావు గదా."

నవ్వింది. సామ్యేలు కర్ర అందుకున్నాడు. ఆమె మాత్రం లేవలేదు. "ఆ గుడ్డ ఏం చేస్తావన్నా?" అంది.

"ఏ గుడ్డ?"

"తెరగుడ్డ."

"ఏం చేస్తా? చినిగిపోయింది. పారేస్తా."

"నాకియ్యి. నేను చూసింది అదే గదా."

బ్రహ్మం పంచె తీసి దులిపి ఆమె ఒడిలో పెట్టాడు. ఆమె దాని కొంగు వెతికి పట్టుకుని, గట్టిపడ్డ మరకలు ఒక్కొక్కటే వేళ్ళతో నొక్కింది. "ఇది మోదుగ. దీని పక్కన వెంపలి. ఈ పెద్దది తంగేడు, దీని మీదే రేల ఎక్కింది." ఒక్కటీ తప్పలేదు. తర్వాత దాన్ని మడిచి చంకలో పెట్టుకుని, కర్ర కొస పట్టుకుని, సామ్యేలు వెనక బస్టాండు దారిన పోయింది.

ఇప్పటికీ సంతకు సామ్యేలు ఒక్కడే వస్తాడు. ఆమె బాగుందనీ, మంచం మీద ఆ గుడ్డే పరుచుకుంటోందనీ చెప్తాడు. తిరునాళ్ళకు బ్రహ్మం గరుడ వాహనానికి తెర కట్టకుండా రంగు వేస్తే గుడి పెద్దలు గొడవ చేశారు. అయినా అతను తెర కట్టలేదు.

పలక మాత్రం వసారాలోనే ఉంది. మధ్యాహ్నం నుంచీ సాయంత్రం దాకా ఎండ సూటిగా దాని మీదే పడుతుంది. తంగేడు పచ్చ ఇప్పటికే పాలిపోయింది. వెంపలిని వెతుక్కోవాలి. నాభి ఎరుపు ఇటుక రంగుకు దిగింది. మొన్న ఉండబట్టలేక అడిగాను.

"ఇట్లయితే ఇంకో రెండు ఎండాకాలాలకు ఉత్త రాయి మిగులుతాది అల్లుడా. పగటిపూటన్నా దాని మీద ఒక గుడ్డ కప్పరాదా?"

బ్రహ్మం డబ్బా అడుగున రంగు గీకుతున్నాడు. తల ఎత్తలేదు.

"గుడ్డ లేదు మామా" అన్నాడు. "ఎలీషబా తీసుకపోయింది."